కప్పుకు నిప్పంటకుండా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో, ఆ మంటల్లో ప్రాణాలు పోగొట్టుకున్న అగ్నిమాపక సిబ్బందిని తలచుకునే వారం అది. సీమలో కొట్టాలు, వాములు తగలబడే కాలం కూడా సరిగ్గా ఇదే. అందుకేనేమో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడిగాయి: కప్పుకో, చెక్క గోడకో నిప్పంటకుండా ఏం పూయాలి?

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట చెప్పాలి. ఫైర్ రిటార్డెంట్ (మంటను ఆలస్యం చేసే) మందు కొట్టిన చెక్క కూడా పెద్ద మంటలో కాలుతుంది. ఎగిరొచ్చిన నిప్పురవ్వ, ఒక షార్ట్ సర్క్యూట్, ఆరని బీడీ ముక్క లాంటివి పెద్ద మంటగా మారకుండా ఆపడం, ఆపలేకపోతే ఆలస్యం చేయడం, ఇంతవరకే మందు పని. ఆ కొన్ని నిమిషాల్లోనే పిల్లలు, ముసలివాళ్లు, పశువులు బయటపడతారు కాబట్టి మందు విలువ తక్కువేం కాదు. కానీ మందు కొట్టించాం కదా అని పొయ్యి చూరు కింద పెట్టుకుంటే అది ఎవరినీ కాపాడదు.

ప్రశ్న: మా ఎద్దుల కొట్టం బోదగడ్డితో కప్పినాం. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. డీఏపీ ఎరువు నీళ్లలో కలిపి గడ్డి మీద కొడితే నిప్పు అంటుకోదని ఒకాయన చెప్పినాడు. ఇంట్లో రెండు మూటలు ఉన్నాయి. కొట్టొచ్చునా? ఎంత కలపాల? (ఆలూరు నుంచి ఒక రైతు)

జవాబు: ఆయన చెప్పిన రసాయనం నిజమే. డీఏపీ అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్. వేడి తగిలితే అందులోంచి ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది. ఆ ఆమ్లం వల్ల గడ్డి, చెక్క మండే వాయువుగా మారేది తగ్గి, బొగ్గుగా, నీటి ఆవిరిగా మారేది పెరుగుతుంది. మండే వాయువే లేకపోతే మంట సాగదు. 1821లోనే ఫ్రాన్స్‌లో గే-లుసాక్ అనే రసాయన శాస్త్రవేత్త నాటకశాలల తెరలు, బట్టలు అంటుకోకుండా అమ్మోనియం ఫాస్ఫేట్‌ను, బోరాక్స్‌ను సూచించాడు. రెండు వందల ఏళ్లు దాటినా ఈ మందుల మూలం పెద్దగా మారలేదు.

అయినా మీరు ఆ రెండు మూటలూ చేనుకే వాడండి. దీనికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, చట్టం. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ఎరువును నేల సారానికి, పంట దిగుబడికి తప్ప వేరే పనికి వాడకూడదు. రసాయనాల దుకాణంలో టెక్నికల్ గ్రేడ్ డీఏపీ విడిగా దొరుకుతుంది. ఎరువు గుళికలో ఉండే మడ్డి అందులో ఉండదు, స్ప్రేయర్ నాజిల్ కూడా మూసుకుపోదు.

రెండు, వాన. ఈ ఉప్పు నీళ్లలో ఎంత తేలిగ్గా కరుగుతుందో వానకు అంత తేలిగ్గా కారిపోతుంది. వేసవిలో కొట్టిన మందు సెప్టెంబరు వానలు రెండు గట్టిగా పడితే చూరు నీళ్లతో పాటు దిగి వాకిట్లోకి పోతుంది. మళ్లీ వేసవికి కప్పు మీద మిగిలేది ఏమీ ఉండదు. ఈ సంగతి తెలియక, ఒకసారి కొట్టాం కదా అని ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉండడమే అసలు ప్రమాదం.

మూడు, మీ ఎద్దులు. అందిన గడ్డినల్లా పీక్కుని తినడం, ఉప్పగా ఉన్నదాన్ని నాకడం పశువు అలవాటు. అమ్మోనియం ఉప్పు కడుపులోకి ఎక్కువగా పోతే పశువుకు విషం. పశువు మూతికి అందేచోట ఈ మందు వద్దే వద్దు.

కొట్టానికి మా సలహా మట్టి పూత. గడ్డి కప్పుకు పైన, కింద కూడా నీటిని ఆపే మట్టి పూత పూస్తే నిప్పురవ్వకు గడ్డి పుల్ల కనబడదు, గాలి అందదు. పైపూత 25 మి.మీ., లోపలి పూత 20 మి.మీ. మందం ఉండాలి.

మీ కొట్టం లెక్క ఇది. రెండు వాలులూ కలిపి కప్పు దాదాపు 320 చదరపు అడుగులు, అంటే సుమారు 30 చదరపు మీటర్లు. రెండు వైపులా పూతకు 1.35 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఘనపు మీటరు మట్టికి 64 కిలోల తరిగిన వరిగడ్డి చొప్పున సుమారు 86 కిలోల గడ్డి పడుతుంది. గడ్డిని జానెడు కంటే చిన్న ముక్కలు చేసి, మట్టిలో కలిపి, నీళ్లు పోసి తొక్కి, వారం రోజులు తడి ఆరకుండా మాగనివ్వాలి. మాగని మట్టి పుల్లల్ని పట్టుకోదు, ఆరగానే పెచ్చులూడుతుంది. ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడి ఎక్కువ కదా, ఒట్టి రేగడితో పూస్తే ఎండకు నెర్రెలిచ్చి గడ్డి బయటపడుతుంది. ఎర్రమట్టి తెచ్చుకోండి. అది దొరక్కపోతే రేగడిలో ఇసుక కలిపి, ముందు రెండు అడుగుల చదరం మీద పూసి, వారం ఆగి, నెర్రె రాకపోతేనే మొత్తం పూయండి.

పైపూతలో చివరి 10 మి.మీ. పొరకు మాత్రం తారు కలిపిన మట్టి కావాలి. లేకపోతే మొదటి వానకే కరిగిపోతుంది. తారు (గ్రేడు పాత లెక్కలో 80/100, ఇప్పటి లెక్కలో వీజీ-10), కిరోసిన్, పారఫిన్ మైనం 100:20:1 పాళ్లలో కలపాలి. ఒక విడతకు ఒకటిన్నర కిలోల తారును 15 గ్రాముల మైనంతో కరిగించి, 300 మి.లీ. కిరోసిన్ ఉన్న పాత్రలోకి కలుపుతూ పోయాలి. అది 30 లీటర్ల మాగిన మట్టికి సరిపోతుంది. మీ కప్పుకు 300 లీటర్ల మట్టి, అంటే 10 విడతలు: 15 కిలోల తారు, 3 లీటర్ల కిరోసిన్, 150 గ్రాముల మైనం. తారు పాత్రను పొయ్యి మీదనుంచి దించి, మంటకు చాలా దూరం తీసుకెళ్లాకే కలపండి. పొయ్యి మీదున్న తారులో కిరోసిన్ పోయడం ఎంత పొరపాటో చెప్పనక్కర్లేదు.

ఇక చాలామంది మరిచేది బరువు. 1.35 ఘనపు మీటర్ల మట్టి ఆరాక కూడా రెండు టన్నులకు పైమాటే. పూసేటప్పుడు తడితో ఇంకా ఎక్కువ. పుచ్చిన సర్వి గుంజల మీద, చెదలు తిన్న వాసాల మీద ఇది పూస్తే నిప్పు సంగతి అటుంచి కొట్టమే పశువుల మీద కూలుతుంది. గుంజల మొదళ్లు నేల దగ్గర తవ్వి చూడండి, పుచ్చినవి మార్చండి, వాసాల మధ్య ఎడం రెండు అడుగులకు మించితే మధ్యలో ఇంకొకటి వేయండి. అంత శక్తి కొట్టానికి లేదనిపిస్తే లోపలి పూత మానేసి పైపూతే వేయండి. లోపల దీపం, పొయ్యి, పొగ పెట్టే అలవాటు ఉంటే మాత్రం లోపలి పూత ముఖ్యం.

వామిని కొట్టానికి ఆనించి వేయకండి. 50 అడుగుల ఎడమైనా ఉండాలి. కరెంటు సర్వీసు వైరు కప్పు మీదుగా పోతుంటే ఈ వేసవిలోపే పక్కకు మార్పించండి. ఎద్దుల్ని బిగుసుకుపోయే ముడితో కాకుండా ఒక లాగుతో ఊడివచ్చే ముడితో కట్టండి. మంటలో కొడవలి వెతికే సమయం ఉండదు.

ప్రశ్న: బోరాక్స్, అమ్మోనియం సల్ఫేట్ రెండూ మంచివే అని విని ఒకే డ్రమ్ములో కలిపితే ఘాటైన కంపు, కళ్ల మంట వచ్చాయి. ఏమైంది? (ధర్మవరం)

జవాబు: వచ్చింది అమ్మోనియా. బోరాక్స్ క్షార గుణం గలది. అమ్మోనియం ఉప్పుతో కలిస్తే అమ్మోనియాను వెళ్లగొడుతుంది. ఘాటు పోయాక మిగిలిన ద్రావణంలో మీరనుకున్న మందు ఉండదు. దాన్ని గాలి ఆడేచోట ఉంచి, పారేయండి. అమ్మోనియం ఫాస్ఫేట్‌తో జత కలపాలంటే బోరిక్ ఆమ్లం సరైనది, బోరాక్స్ కాదు.

ప్రశ్న: గండికోట దారిలో పర్యాటకుల కోసం 4 చెక్క కాటేజీలు కడుతున్నాం. గోడలకు బయట 20 మి.మీ. పైన్ పలకలు, పైన కూడా పలకలే. రిటార్డెంట్ మందు బ్రష్‌తో పూస్తే 10 ఏళ్లు ఢోకా లేదని సరుకు అమ్మినవాళ్లు అంటున్నారు. నమ్మొచ్చా? ఇంకేం చూసుకోవాలి? (జమ్మలమడుగు)

జవాబు: బయటి గోడకు బ్రష్‌తో పూసే ఉప్పు మందు 10 ఏళ్లు ఉండదు. బ్రష్ పూత చెక్కలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగదు. దిగినదాన్ని వాన కడిగేస్తుంది, పూత పొరను ఎండ పగలగొడుతుంది. బయట వాడకానికి నిలిచేది ఫ్యాక్టరీలో ఒత్తిడితో లోపలిదాకా ఎక్కించి, చెక్కలోనే గట్టిపడేలా చేసిన మందు. కొనేముందు ఒకే ప్రశ్న అడగండి: "ఈ పలకకు మంట పరీక్ష వాన, ఎండ తగిలించిన తర్వాత చేశారా, ముందా?" పరీక్ష కాగితంలో ఆ మాట ఉండాలి. అమెరికాలో చెక్క కప్పు పలకల్ని ఎ, బి, సి తరగతులుగా వర్గీకరిస్తారు. బయట వాడే మందు సరుకును మంట పరీక్షకు ముందు కృత్రిమ వాన, ఎండల్లో నానబెట్టి ఆరబెడతారు. పొడి పలక మీద చేసిన పరీక్ష కాగితం మీ గోడకు పనికిరాదు.

అలాంటి పలక దొరికినా పనివాళ్లు దాన్ని పాడుచేసే దారులున్నాయి. చిత్రిక పట్టినా, నిలువునా చీల్చినా మందు ఉన్న పై పొర పోతుంది. అందుకే కొలతలు ముందే ఇచ్చి కోయించి, ఆ తర్వాతే మందు ఎక్కించాలి. సైటులో కోయక తప్పని కొసలకు, ఆ సరుకు తయారుచేసినవాళ్లే ఇచ్చే మందు రెండుసార్లు పూయాలి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మామూలు మేకుల్ని ఈ ఉప్పు తినేస్తుంది, నాలుగైదేళ్లకు పలక గాలికి ఊగుతుంది.

మందు కన్నా ఎక్కువ కాపాడేది కట్టే పద్ధతి. మీ ఉత్తరంలో గీసిన బొమ్మ చూస్తే పలకకు, లోపలి గోడకు మధ్య 2 అంగుళాల ఖాళీ నేల నుంచి చూరు దాకా ఏకంగా ఉంది. అది పొగగొట్టం. కింద పట్టిన చిన్న మంటను ఆ సందు క్షణాల్లో కప్పు దాకా లాక్కుపోతుంది. ఖాళీని ఒక అంగుళానికి తగ్గించండి. కిటికీల చుట్టూ, చూరు కింద, అంతస్తు మారేచోట అడ్డంగా రాక్‌వూల్ (రాతి నార) కానీ రేకు పట్టీ కానీ పెట్టి సందును తెంచండి. పలక వెనక 8 నుంచి 10 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు కట్టండి. పలక కాలినా గది వెంటనే కాలదు.

చూరు కింద గాలి రంధ్రాలకు 3 మి.మీ. కంటే చిన్న కళ్లున్న లోహపు జాలీ వేయండి. ఎగిరొచ్చే నిప్పురవ్వలు దూరేది అక్కడినుంచే. పలకలు నేలకు తగలకూడదు. అడుగున 8 అంగుళాల ఎత్తు దాకా కడప బండలు పరచండి. అవి మీకు కూతవేటు దూరంలోనే దొరుకుతాయి, నిప్పుకూ, చెదలకూ, వాన చిమ్మడానికీ మూడింటికీ ఒకే మందు. గోడ చుట్టూ 5 అడుగులు బండలో, కంకరో పరిచి, ఎండుగడ్డి, పూలకుండీల పీచు, కట్టెలు అక్కడ ఉండనివ్వకండి.

గండికోటలో రాత్రి నెగడు వేసి కూర్చోవడం వచ్చేవాళ్లకు ఇష్టం. దాన్ని ఆపమనడం లేదు. కానీ పెన్నా లోయ అంచున గాలి ఎటు తిరుగుతుందో చెప్పలేం. కాటేజీకి కనీసం 50 అడుగుల దూరంలో, చుట్టూ రాళ్లు పేర్చిన గుంటలోనే నెగడు ఉండాలి. పక్కన నీళ్ల డ్రమ్ము, ఇసుక బకెట్లు ఉండాలి. పడుకోబోయేముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చెయ్యి పెడితే చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది.

పైకప్పుకు మాత్రం చెక్క పలక వద్దని మా గట్టి అభిప్రాయం. గోడ నిలువుగా ఉంటుంది, నిప్పురవ్వ పడి జారిపోతుంది. కప్పు మీద పడిన రవ్వ పలకల సందుల్లో, ఆకుల చెత్తలో కూర్చుని తీరిగ్గా రాజుకుంటుంది. పైన పెంకో, రేకో వేసి, చెక్క అందం లోపలివైపు చూపించుకోండి. అక్కడ వాన పడదు కాబట్టి కింద రాస్తున్న బోరాన్ మందు (బోరాక్స్, బోరిక్ ఆమ్లం జోడీ) చక్కగా నిలుస్తుంది.

ప్రశ్న: వాన తగలని దూలాలకు, వాసాలకు ఇంట్లోనే కలుపుకొనే మందు ఏదైనా చెప్పండి. (ప్రొద్దుటూరు, రాయదుర్గం, ఎమ్మిగనూరు నుంచి వేర్వేరు ఉత్తరాలు)

జవాబు: బోరాక్స్, బోరిక్ ఆమ్లం జోడీ. బోరాక్స్ మంట పాకడాన్ని తగ్గిస్తుంది, కానీ మంట ఆరాక లోపల కణకణమనే నిప్పును ఆపలేదు. బోరిక్ ఆమ్లం ఆ కణకణను ఆపుతుంది, మంట మీద అంతగా పనిచేయదు. అందుకే రెండూ కావాలి. కలిపితే విడివిడిగా కన్నా ఎక్కువ కరుగుతాయి కూడా.

10 లీటర్ల వేడినీళ్లకు 900 గ్రాముల బోరాక్స్, 600 గ్రాముల బోరిక్ ఆమ్లం. ముందు బోరాక్స్ వేసి కరిగాక రెండోది వేయండి. అడుగున గింజలు మిగిలితే ఇంకాస్త వేడిచేయండి. గరుకుగా కోసిన చెక్క ఒక పూతకు చదరపు మీటరుకు దాదాపు 200 మి.లీ. తాగుతుంది. 3 పూతలకు ఈ 10 లీటర్లు సుమారు 16 చదరపు మీటర్లకు వస్తాయి. పూతకూ పూతకూ మధ్య పై తడి ఆరితే చాలు, ఎముకలా ఎండనివ్వక్కర్లేదు. వేసవి మధ్యాహ్నం పూయకండి. నీళ్లు లోపలికి దిగేలోపే ఆవిరై, మందంతా పైన తెల్లటి పొడిగా మిగులుతుంది. సాయంత్రం మొదలుపెట్టండి.

పూతకన్నా మంచిది, కొత్త కట్టె పచ్చిగా ఉన్నప్పుడే ముంచడం. కోసిన వెంటనే ద్రావణంలో ముంచి తీసి, దొంతి పేర్చి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా కప్పి 3, 4 వారాలు ఉంచితే, చెక్కలోని తడి దారిగా మందు లోపలికి నడుస్తుంది. ఆ తర్వాత ఎండబెట్టుకోవచ్చు. ఎండిన కట్టెకు ఈ పద్ధతి పనిచేయదు.

ఇదే మందు చెదల్ని, పుచ్చును కూడా ఆపుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పిల్లలకు, గర్భిణులకు దూరంగా కలపండి, వంటపాత్రలు వాడకండి. పైన రంగు వేయాలంటే పూర్తిగా ఆరనిచ్చి, తేలిన పొడిని పొడి బ్రష్‌తో దులిపాకే వేయండి. ఆ పొడి మీద వేసిన రంగు పెచ్చులుగా ఊడుతుంది.

ప్రశ్న: మాది మట్టి మిద్దె, మా తాత కట్టించినాడు. వేప దూలాలు, దంతెలు. చెదలు పట్టకుండా ఏటా వాడేసిన ఇంజనాయిల్ పూస్తాం. ఇప్పుడు మీరు చెప్పిన బోరాక్స్ నీళ్లు దాని మీద పూయొచ్చా? (కళ్యాణదుర్గం)

జవాబు: పూసినా ప్రయోజనం లేదు, నూనె మీద నీళ్లు నిలవవు. అంతకన్నా ముఖ్యం, ఇంజనాయిల్ పూయడం ఈ ఏడాదినుంచే మానేయండి. నూనె తాగిన దంతెకు నిప్పంటుకుంటే మంట పైపైన పరుగెత్తుతుంది.

మీ మిద్దెలో ధైర్యం ఇచ్చే సంగతి కూడా ఉంది. గట్టి కట్టె నిమిషానికి దాదాపు అర మిల్లీమీటరు చొప్పున మాత్రమే బొగ్గవుతుంది. పైనున్న బొగ్గు పొరే లోపలి చెక్కకు వేడి తగలకుండా అడ్డుకుంటుంది. 6 అంగుళాల మందమున్న దూలం అరగంట మంటలో ఒక్కో పక్క 15 నుంచి 20 మి.మీ. పోగొట్టుకున్నా, మధ్యలో ఇంకా నాలుగున్నర అంగుళాలు నిలిచే ఉంటుంది. పైన మట్టి ఎలాగూ కాలదు. మీకు భయం ఉండాల్సింది దంతెల మీద పరిచిన సన్న బద్దలతో, పుల్లలతో. అవి నిమిషాల్లో పోతాయి, మట్టి ఒక్కసారిగా దిగబడుతుంది.

కాబట్టి దూలాలను వదిలేసి ఆ సన్న భాగం మీద దృష్టి పెట్టండి. వంటింటి పైనా, కరెంటు తీగలు పోయేచోటా కింద నుంచి జిప్సమ్ బోర్డు కొట్టించండి. జిప్సమ్ బరువులో అయిదోవంతు దాకా దాని స్ఫటికంలో కట్టిపడి ఉన్న నీరే. వేడికి ముందు ఆ నీరు ఆవిరవ్వాలి, అది అయ్యేదాకా వెనకున్న చెక్క వేడెక్కదు. బోర్డు జాయింట్లు, తీగలు దూరే రంధ్రాలు మూయకపోతే ఈ లాభం పోతుంది. బోర్డు వెనక చెదలు కనబడవు కనుక ఒక మూల తెరిచి చూసే తలుపు పెట్టించుకోండి. పాత గుడ్డ చుట్టు వైరింగు ఇంకా దంతెలకు మేకులు కొట్టి ఉంటే, దాన్ని మార్చడం అన్నిటికన్నా మొదటి పని.

ప్రశ్న: మేడ మీద చెక్క గదికి మంటకు ఉబ్బే రంగు ఒక లీటరు తెచ్చి 200 చదరపు అడుగులకు వేయించాం. మెరుపు కోసం వడ్రంగి పైన వార్నిష్ వేశాడు. ఇప్పుడు బయటివైపు పొక్కులు లేస్తోంది. (అనంతపురం)

జవాబు: ఈ రంగు దాదాపు 200 డిగ్రీల పైన వేడి తగిలితే నురగలా ఉబ్బి, తన మందానికి ఎన్నో రెట్లు బొగ్గు దుప్పటిగా మారుతుంది. ఆ దుప్పటి మందం, మీరు వేసిన పూత మందం మీదే ఆధారపడుతుంది. లీటరుకు అన్ని పూతలూ కలిపి 4 చదరపు మీటర్లు అని డబ్బా మీద ఉందనుకోండి. 200 చదరపు అడుగులంటే 18.6 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర లీటర్ల పైన పట్టాలి. ఒక లీటరుతో సాగదీస్తే మీకు దక్కింది రంగు మాత్రమే, రక్షణ కాదు. పనివాడు ఎన్ని పూతలు వేశాడని అడగొద్దు, ఖాళీ డబ్బాలు లెక్కపెట్టండి.

వార్నిష్ రెండో తప్పు. అది తానే మండుతుంది, కింది రంగును ఉబ్బనివ్వదు. ఈ రంగుల్లో చాలావాటికి తడి, ఎండ పడవు. బయటకు వాడాలంటే అదే కంపెనీ దానికోసమే చేసిన పై పూత వేయాలి. ఉన్నదంతా గీకి, చెక్క బయటపడేదాకా రుద్ది, కొత్తగా వేయించడం తప్ప దారి లేదు.

ప్రశ్న: మెరైన్ ప్లైవుడ్ నిప్పును తట్టుకుంటుందా?

జవాబు: మెరైన్ ప్లైవుడ్, అంటే ఐ.ఎస్. 710, నీళ్లను తట్టుకోవడానికి చేసింది. నిప్పుకు చేసిన ప్లైవుడ్ సంఖ్య ఐ.ఎస్. 5509. షీటు మీద ఐఎస్ఐ గుర్తు దగ్గర ఆ సంఖ్య చూసి కొనండి.

ప్రశ్న: పటిక నీళ్లు, సోడియం సిలికేట్, సున్నం? (కడప)

జవాబు: సోడియం సిలికేట్ కొత్తలో గాజులా పట్టి బాగా పనిచేస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువుకు, తడికి క్రమంగా తెల్లపొడిగా రాలిపోతుంది. కొద్ది నెలలుండే పందిళ్లకు పరవాలేదు, ఇంటికి వద్దు. పటిక పాతకాలం నుంచీ ఉంది కానీ ఆమ్లగుణం వల్ల మేకుల్ని, నారను తింటుంది. మందంగా వేసిన సున్నం రవ్వల్ని కాస్త ఆపుతుంది, చవక, పశువుకు హాని లేదు. కొట్టం గుంజలకు, తడికెలకు నిక్షేపంగా వేసుకోండి.

ప్రశ్న: మూడేండ్ల కింద గోదాము రేకుల కింద వాసాలకు ఫాస్ఫేట్ మందు కొట్టించినాం. ఇప్పుడు వాసాలు గోధుమ రంగుకు తిరిగి, మేకు కొడితే పెళుసుగా విరుగుతున్నాయి. కట్టె తప్పా, మందు తప్పా? (ఎమ్మిగనూరు)

జవాబు: మందు, వేడి రెండూ కలిసి చేసిన పని. డీఏపీ జాతి మందు మంటలో ఆమ్లం విడుదల చేస్తుందని పైన చెప్పాం. ఏప్రిల్, మే నెలల్లో మీ రేకు కింద వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికే, మంట లేకుండానే, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆమ్లం పుట్టి చెక్క నారను కొరికేస్తుంది. 1980ల చివర్లో అమెరికాలో వరుస ఇళ్ల కప్పులకు వాడిన మందు ప్లైవుడ్ సరిగ్గా ఇలాగే పెళుసై, పైన నడిచేవాళ్ల కాళ్ల కింద విరిగింది. ఆ తర్వాత అక్కడ బోరాన్ కలిపి ఆమ్లాన్ని అణచే మందులు వచ్చాయి. రాయలసీమలో రేకుల కింద ఒట్టి ఫాస్ఫేట్, సల్ఫేట్ మందులు వాడొద్దని మేం చెప్పేది ఇందుకే.

వాసాలను ఒక్కొక్కటిగా చూడండి. స్క్రూడ్రైవర్ మొనతో పుల్ల లేపండి. పొడుగ్గా, నారగా చీలి వస్తే కట్టెలో ప్రాణం ఉంది. పటుక్కున పొట్టిగా విరిగితే ఆ వాసం మార్చాలి. ఈలోపు రేకుల మీదికి ఎవరినీ ఎక్కించకండి. కొత్త వాసాలకు బోరాక్స్ జోడీ వాడండి, మేకుల బదులు స్టెయిన్‌లెస్ మరలు వేయండి, గోడల పైన రెండు వైపులా గాలి మార్గం తెరవండి. రేకు కింద వేడి తగ్గితే కట్టె, మందు, లోపలి సరుకు మూడూ బతుకుతాయి.

ప్రశ్న: కొట్టించిన మందు నిజంగా పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా? (బద్వేల్)

జవాబు: ఉంది. పని మొదలుపెట్టేటప్పుడే అదే కట్టెవి జానెడు పొడవు, వేలెడు వెడల్పు, అర అంగుళం మందం ముక్కలు ఆరు కోయించండి. రెండిటికి మందు వద్దు. నాలుగింటికి మీ గోడకు వేసినన్ని పూతలే వేయించి, రెండు వారాలు ఆరనివ్వండి. తర్వాత వాటిలో రెండింటిని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ బాగా ఎండబెట్టండి.

ఆరుబయట, గాలి లేని వేళ, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, పట్టకారుతో ఒక్కో జత నుంచి ఒక్కో ముక్కను కొవ్వొత్తి మంటలో 30 సెకన్లు పట్టి తీయండి. మందు లేని ముక్క మండుతూనే ఉంటుంది. మందు ముక్క మంట కొద్ది సెకన్లలో ఆరిపోవాలి, ఆరాక అంచున ఎర్రని నిప్పు పాకకూడదు. మంట ఆరి నిప్పు మాత్రం పాకుతుంటే బోరిక్ ఆమ్లం పాలు తక్కువైంది. నానబెట్టిన ముక్క మందు లేనిదానిలాగే మండితే, ఆ మందు ఇంటి లోపలికే, వాన పడేచోటికి కాదు. మిగిలిన ముక్కలకు తేదీ రాసి కప్పు కిందే వేలాడదీయండి. ఏటా మార్చిలో ఒకదానినుంచి పుల్ల చీల్చి ఇదే పరీక్ష చేస్తే, మళ్లీ ఎప్పుడు పూయాలో ఆ ముక్కే చెబుతుంది. అగ్నిమాపక కేంద్రం నంబరు 101ని కూడా ఆ పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.